ఇరవై ఇంచుల రిములు

ఎనిమిదో తరగతిలో లెక్కల సారు నా నెత్తిన మొట్టి, "గుండ్రంగానే ఉంది, లోపలంతా గాలే" అన్నాడు. ఆ ఏడే బడి మానేశాను. ఫౌజువాళ్లు కూడా అదే కనిపెట్టినట్టున్నారు, డ్రైవరుగా తీసుకుని పదిహేడేళ్లు టైర్ల మధ్యనే ఉంచారు. పింఛను మీద ఇంటికొచ్చి మూడు నెలలు మంచం అరగదీశాక, మళ్లీ యూనిఫాం తొడిగింది దుబాయ్‌లో. అసలు ఊరు అబుదాబి. మా జిల్లాలో ఎవర్నడిగినా అదీ దుబాయే.

2022 జూలైలో ఒకరోజు తెల్లవారి ఐదున్నరకు బనియాస్ క్యాంపులో దిగాను. అప్పటికే ముప్పై ఆరు డిగ్రీలు. రెండు జతల ఖాకీ, ఒక టోపీ, ఒక వాకీటాకీ, ఒక పికప్ తాళం ఇచ్చారు. ఎడారిలో కడుతున్న సైటు కంచె పొడవునా నాలుగు గార్డు పోస్టులు. రోజుకు రెండుసార్లు నీళ్లు, తిండి చేర్చాలి. బేస్ నుంచి పోస్టు నాలుగు పద్నాలుగు కిలోమీటర్లు. చివరి ఆరు మెత్తటి ఇసుక.

పోస్టు నాలుగులో ఉన్నవాడు కోరుట్ల దగ్గరివాడు. రిటైరైన హవల్దారు, నాకంటే పదేళ్లు పెద్ద. నా బండి కనబడగానే రేడియోలో అనేవాడు: "పోస్ట్ ఫోర్. పెండ్లిపిల్ల వచ్చింది, ఓవర్."

"కట్నం నీళ్లే అన్నా, ఓవర్" అనేవాణ్ని.

నేను చదవగలిగే ఇంగ్లీషంతా టైరు మీదే ఉంటుంది. మా బండివి 265/65, రిమ్ము 17. మొదటిది వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది టైరు గోడ ఎత్తు, ఆ వెడల్పులో నూటికి అరవై ఐదు వంతులు. మూడోది రిమ్ము, ఇంచుల్లో. అంటే రోడ్డుకూ ఇనుముకూ మధ్య నూట డెబ్బై రెండు మిల్లీమీటర్ల రబ్బరు గోడ. ఇసుక మొదలయ్యే చోట ఆగి గాలి ముప్పై ఐదు నుంచి పదహారుకు దించేవాణ్ని. గోడ కిందికి జారి, టైరు ఒంటె పాదంలా పరుచుకునేది. గోడ లేకపోతే జారడానికి ఏమీ ఉండదు. ఇంతే శాస్త్రం.

ఆగస్టులో పెద్ద ముదీర్ తనిఖీకి వస్తున్నాడని కబురొచ్చింది. ముదీర్ అంటే అక్కడ మేనేజరు. మా ముదీర్ కూడా పాత ఫౌజీ అఫ్సరే. తనిఖీ అనే మాట చెవిన పడితే చాలు, మాలో సున్నం పొంగుతుంది. రాళ్లకు తెల్లరంగు, డబ్బాలకు తెల్లరంగు. బండి మెరవాలంటే ఏం చేయాలని పొద్దున హాజరులో ముదీర్ అడిగాడు: "గాడీ కైసే చమ్‌కేగీ?"

నోరు మూసుకుంటే సరిపోయేది. "ఇరవై ఇంచుల అలాయ్ రిములు ఎక్కిస్తే పెండ్లికొడుకు లెక్క ఉంటది సాబ్" అన్నాను. అందరూ నవ్వారు. ముదీర్ నవ్వలేదు. చిన్న పుస్తకంలో రాసుకున్నాడు.

మర్నాడు పది గంటలకు బనియాస్ టైర్ల షాపులో ఉన్నాం. షాపు పఠాన్ మంచివాడు. లెక్క విప్పి చెప్పాడు: ఇరవై రిమ్ముకు 265/50 పడుతుంది, బయటి ఎత్తు ఇంచుమించు అంతే, కానీ గోడ నూట ముప్పై రెండుకు పడిపోతుంది. "రేత్ మే ఖలాస్" అన్నాడు, ఇసుకలో దీని పని అయిపోయినట్టే అని. ఏమైనా ఇబ్బందా అన్నట్టు ముదీర్ నావైపు తిరిగాడు. "డ్రైవర్, కోయీ దిక్కత్?"

పదిహేడేళ్లుగా నాలుకకు అలవాటైన మాటే వచ్చింది. "నో సర్."

పఠాన్ నన్ను చూసి నేల మీద ఉమ్మాడు. తప్పు పట్టను.

పాత రిములు షాపువాడు బదులు కింద ఉంచుకున్నాడు. కొత్త స్పేరు తర్వాత చూద్దామన్నాడు ముదీర్. స్పేరుతో కలిపి ఐదు పాత టైర్లకూ తెల్లరంగు పూసి, పోస్టు నాలుగు క్యాబిన్ ముందు అలంకారానికి సగం పాతిపెట్టాం. తనిఖీ నాలుగు నిమిషాలు. పెద్ద ముదీర్ మెయిన్ గేటు దగ్గర కారు అద్దం దించాడు, ఎత్తాడు, పోయాడు. పోస్టు నాలుగు మొహం చూడలేదు. ఇప్పటికీ తలచుకుంటే రోత పుడుతుంది.

తనిఖీ అయిన నాలుగో రోజు మధ్యాహ్నం. నలభై ఏడు డిగ్రీలు. పోస్టు నాలుగు క్యాబిన్ ఏసీ ముందురోజే చచ్చింది, అక్కడ అన్న దగ్గర అర సీసా నీళ్లున్నాయి. 12:50కి, పోస్టుకు మూడు కిలోమీటర్ల ఇవతల, వాలు మీద ముందు ఎడమ టైరు రిమ్ము వదిలేసింది. రాయికి తగిలి రిమ్ము అంచు వంగింది. పంపు పెడితే గాలి ఒకవైపు ఎక్కి ఒకవైపు పోతోంది.

"బేస్, పికప్. టైరు ఊడింది. స్పేరు లేదు, ఓవర్."

బేస్ ఆపరేటర్ నేపాలీ. "దూస్‌రీ గాడీ దో ఘంటా" అన్నాడు. ఇంకో బండి రావాలంటే రెండు గంటలు.

మధ్యలో అన్న గొంతు: "పోస్ట్ ఫోర్. తమ్మీ, నీ పాత టైర్లు నా కాడనే ఉన్నయ్ గద. ఒకటి దొర్లిచ్చుకుంట వస్తున్న."

"వద్దన్నా! అది పదిహేడుది, ఈ రిమ్ముకు ఎక్కదు! నువ్వు నీడలనే ఉండు, నేనే నీళ్లు తెస్తున్న, ఓవర్!"

జవాబు లేదు. మళ్లీ పిలిచాను. లేదు. వాకీటాకీ ఛార్జర్‌లో వదిలేసి బయల్దేరాడని తర్వాత తెలిసింది.

ఐదు లీటర్ల డబ్బాలు రెండు చేతులకు తగిలించుకుని నడిచాను. 1:45కి ఒక దిబ్బ ఎక్కితే కనిపించాడు. పక్కకు ఒరిగి పడి ఉన్నాడు. చెమట లేదు. ఒళ్లు పెనంలా కాలుతోంది. తలా ఛాతీ తడిపాను. పెదాలు కదిలాయి. "ఎక్కిచ్చు" అన్నాడు, టైరు వైపు చూపించి.

2:20కి ఒంటెల ఫారంలో పనిచేసే సూడానీ ఒకడు దూరం నుంచి మమ్మల్ని చూసి పాత పికప్ తోలుకొచ్చాడు. తుప్పు పట్టిన చిన్న రిములు, లావు టైర్లు. ఇసుక మీద పడవలా వచ్చింది. మెయిన్ గేటు దగ్గర అంబులెన్సు అందుకుంది.

అన్న పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. తర్వాత ఇంటికి పంపేశారు. కారణం: అనుమతి లేకుండా పోస్టు వదిలాడు. టైర్ల ఊసు రిపోర్టులో రాకూడదన్నాడు ముదీర్. సాక్షిగా నేను సంతకం పెట్టాను. నా సంతకం చాలా బాగుంటుంది, బడిలో నేర్చుకున్నది అదొక్కటే. ముదీర్ మీద ఎంత అసహ్యమో ఆ సంతకం మీదా అంతే.

రెండేళ్ల కాంట్రాక్టు ముగించి వచ్చేశాను. ఇప్పటికీ కళ్లు మూస్తే ఒకటే కనిపిస్తుంది. ఇసుక మీద కిలోమీటరు పొడవున ఒకే గీత, వంకరటింకరగా. పక్కన అడుగులు, మొదట దూరదూరంగా, పోనుపోను దగ్గరదగ్గరగా. గీత చివర తెల్లరంగు టైరు, దాని మీద ఆయన చెయ్యి.

మొన్న కోరుట్ల పోయి అన్నను కలిశాను. ఎండలో నిలబడితే ఇప్పటికీ కళ్లు తిరుగుతాయట. రిమ్ముల జోకు నాదేనని, "నో సర్" కూడా నాదేనని, సంతకం సంగతీ చెప్పేశాను. ఆయన కండువాతో మెడ తుడుచుకున్నాడు. నా నోరు ఊరుకోదు. "ఒక పాత పికప్ కొంటున్ననే. ఏ సైజు టైర్లు ఎక్కియ్యమంటవ్?" అన్నాను.

అన్న లేచి, చెంబుతో నీళ్లు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నీకు నచ్చినయి ఎక్కిచ్చుకో తమ్మీ. నా నీళ్లు మాత్రం నేనే మోసుకుంట."