రాలేదేమని ఎవరూ అడగలేదు

జర్మనీ నుంచి మేం తిరిగి వచ్చింది మా ఆవిడ వల్లనేనని మా బంధువులంతా నమ్ముతారు. చలికి తట్టుకోలేకపోయిందని, మనుషుల్లేక బెంగ పెట్టుకుందని, పిల్లలు కూడా లేరు కాబట్టి ఆ నాలుగు గోడల మధ్య ఉండలేకపోయిందని చెప్పుకుంటారు. ఆమె కోసం మంచి ఉద్యోగం వదులుకొని సూర్యాపేటలో పంపుసెట్లు అమ్ముకుంటున్న భర్తగా నాకు కొంత మర్యాద కూడా దక్కింది. ఆ మాట నేను పుట్టించలేదు. నా ముందు ఎవరన్నా అన్నప్పుడు కాదని చెప్పనూ లేదు. అక్కడ ఉండలేకపోయింది నేను. ఆమె బాగానే ఉంది. ఆమెకు ఉండబుద్ధి కాకుండా చేసింది కూడా నేనే.

అక్కడ శనివారం వస్తే తెలుగువాళ్లలో ఎవరో ఒకరి ఇంట్లో చేరేవాళ్లం. మగవాళ్లం హాల్లో పేకాడుతూ విజయవాడ హైవే పక్కన గజం ఎంత పలుకుతోందో మాట్లాడుకునేవాళ్లం. ఆడవాళ్లు వంటింట్లో బజ్జీలు వేస్తూ, పొగకు అలారం మోగకుండా పళ్లేలతో విసురుతూ పిల్లల చదువుల గురించి చెప్పుకునేవాళ్లు. మా ఆవిడను ఎవరూ ఏమీ అనలేదు. జాలిగా చూసేవాళ్లు, అంతే. ఆదివారం ఊరంతా మూత. ఆ రోజు గోడకు మేకు కొట్టినా పక్కింటివాళ్లు వచ్చి తలుపు తడతారు. మేమిద్దరం నది ఒడ్డున నడిచి, బెంచీ మీద కూర్చొని ఫ్లాస్కులో తెచ్చుకున్న టీ తాగి, పెద్దగా మాటల్లేకుండానే ఇంటికి వచ్చేవాళ్లం.

ఆమెది కోదాడ. కొత్తవాళ్లతో మాట కలపడానికి బెరుకు లేని మనిషి. సాయంత్రం క్లాసులకు వెళ్లి ఆ భాష నేర్చుకుంది. నేను ఆఫీసులో ఇంగ్లిషుతో నెట్టుకొచ్చాను. క్లాసు చెప్పే పెద్దావిడ ఒకసారి మా ఆవిడను తన ఆట బృందానికి తీసుకెళ్లింది. హోటలు కింద నేలమాళిగలో సన్నటి పొడవాటి చెక్క దారి ఉంటుంది. బంతి దొర్లించి ఆ చివర నిలబెట్టిన తొమ్మిది కొయ్యలను పడగొట్టాలి. ఆడేవాళ్లు ఎక్కువగా రిటైరైనవాళ్లు. రెండు వారాలకొకసారి శుక్రవారం సాయంత్రం ఆడతారు, తింటారు, తాగుతారు, నవ్వుతారు. ఆ రోజు ఆమె వంట పొద్దున్నే ముగించేది. తొమ్మిదీ ఒకేసారి పడిన రోజు ఇంటికొచ్చి, గిన్నెలు తోముతున్న నా ముందు చేయి ఊపుతూ బంతి ఎలా వదిలిందో చూపించేది. తెలుగువాళ్ల ఇళ్లకు రావడం మెల్లగా తగ్గించింది.

ఒకసారి నన్నూ తీసుకెళ్లింది. నేనొక మూల గ్లాసు పట్టుకొని కూర్చున్నాను. ఆమె ఏదో చెప్పింది. అందరూ నా వైపు చూసి పగలబడి నవ్వారు. తిరిగి వచ్చేటప్పుడు ట్రాములో అడిగాను.

"ఏం చెప్పినవ్ వాళ్లకు?"

"ఇడ్లీ పిండి పులవడానికి మీరు హీటర్ మీద పెట్టి మర్చిపోయారు కదా, అది పొంగి కార్పెట్ అంతా పారిన సంగతి."

"నన్ను జోకర్‌ను చేసినవ్."

"అయ్యో, వాళ్లకు మీరు ఎంత నచ్చారో తెలుసా? మళ్లీ తీసుకురమ్మన్నారు."

వాళ్లకు నేను నచ్చానా లేదా అన్నది కాదు, నాకు తెలియని భాషలో నా పెళ్లాం నవ్వడం నాకు నచ్చలేదు. అప్పుడు ఇంత తేటగా అనుకోలేదు. ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

తరువాతి ఆటకు ముందు నేను ఆ టీచరుకు ఫోన్ చేసి ఇంగ్లిషులో మాట్లాడాను. "నా భార్య ఇకమీదట ఆటకు రాదు. మీకు చెప్పడానికి మొహమాటపడుతోంది. దయచేసి ఆమెను కారణం అడగకండి" అన్నాను. పోయేదేముందిలే అనుకున్నాను. మన దగ్గర రానన్న మనిషిని అంత తేలిగ్గా ఎవరు వదులుతారు? అలిగిందేమోనని ఇంటికొస్తారు, చేయి పట్టుకొని లాక్కుపోతారు. వాళ్లూ అలాగే వస్తారు, ఈలోగా కొన్నాళ్లు ఆమె ఇంటిపట్టున ఉంటుంది అనుకున్నాను. ఆ టీచరు "ఆమె ఇష్టం. చెప్పినందుకు థాంక్స్" అంది. అక్కడ మాటంటే మాటే. అడగొద్దంటే అడగరు. అది వాళ్ల మర్యాద.

ఆ శుక్రవారం నేను మనవాళ్లలో రెండు జంటలను భోజనానికి పిలిచాను.

"ఈరోజు నా ఆట ఉంది కదండీ" అంది.

"ఒక్కపూట మానేస్తే ఏం పోతది? ఇంటికొచ్చేటోళ్లను వద్దంటమా?"

మానేసింది. మర్నాడంతా ఫోన్ దగ్గర పెట్టుకొని తిరిగింది. వారం గడిచింది.

"రాలేదేమని ఒక్కళ్లూ అడగలేదండీ."

"వాళ్లంతేనే. మనం వాళ్లకు ఏమైతం?"

"పోనీ నేనే వెళ్లనా?" అని తనే మళ్లీ, "పిలవని పేరంటానికి ఎలా వెళ్తాం" అనుకుంది. ఒకరోజు కూరగాయల దుకాణంలో ఆ టీచరు ఎదురైంది. ఆరోగ్యం అడిగింది, వాతావరణం గురించి మాట్లాడింది, ఆట ఊసెత్తలేదు. మా ఆవిడ ఇంటికొచ్చి సంచీ కూడా విప్పకుండా కిటికీ దగ్గర కూర్చుంది. తాను ఏం తప్పు చేసిందో తలచుకుంటూ ఆ చలికాలం గడిపింది. గట్టిగా నవ్వానేమో అంది, నా కూరల వాసన నచ్చలేదేమో అంది. నేను టీవీ చూస్తూ ఊ కొట్టాను. క్లాసులకు వెళ్లడం కూడా మానేసింది. వెళ్లిపోదామా అని నేను అడిగిన రోజు, "ఇక్కడ నాకెవరున్నారు" అంది. ఆ ఒక్క మాట పట్టుకొని వచ్చేశాం.

ఇన్నేళ్ల తర్వాత, మొన్న మిర్యాలగూడలో మా ఆవిడ వాళ్ల అక్క ఇంటికి వెళ్లాం. అక్క కూతురికి పోయినేడు పెళ్లయింది. అల్లుడికి జర్మనీలో కొలువు వచ్చింది. పిల్లకు వెంట వెళ్లాలని ఉంది. అత్తగారు పోనివ్వడం లేదు. ఆ సంగతి తేల్చడానికే రెండిళ్లవాళ్లూ కూర్చున్నారు.

"పిలగాడు పోనీయిన్రి. పిల్ల ఈడనే ఉంటది" అంది ఆ అత్తగారు. "గాడ ఒక్కతి ఏం చేస్తది? ఈమె పిన్నినే సూడున్రి. చలికి తట్టుకోలేక వాపస్ వచ్చింది. మొగని కొలువు గుడ ఇడిపిచ్చె."

"చలి కాదక్కా, కోదాడోళ్లకు గాడ గోంగూర దొరకలే" అన్నాడు అల్లుడి మేనమామ. అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వినట్టు ముఖం పెట్టింది.

"పిన్నీ, నువ్వన్నా చెప్పు" అంది ఆ పిల్ల.

"నేనేం చెప్పనమ్మా. అక్కడ నేను ఎవరికీ పట్టలేదు" అంది తల దించుకొని.

అప్పుడు నేను నోరు తెరిచాను. "వాపస్ పోదామన్నది ఆమె కాదు. నేను. ఆమెకు అక్కడ మస్తుగ దోస్తులుండె. నాకే ఎవ్వరు లేరు. పిల్లను పంపున్రి."

ఆ అత్తగారు నా వైపు మెచ్చుకోలుగా చూసింది. "పెండ్లాం మీద మాట పడకుండ మీ మీదేసుకుంటున్నరు. మీ అసొంటి మొగడు దొరకాలె అన్నయ్యా." మిగతావాళ్లూ తల ఊపారు. పిల్ల ఇక్కడే ఉండేటట్టు మాట ఖాయమైంది. ఆ పిల్ల లేచి లోపలికి వెళ్లిపోయింది. నాకు మళ్లీ మర్యాదే మిగిలింది.

తిరుగు ప్రయాణంలో గరిడేపల్లి దాటాక మా ఆవిడ అడిగింది.

"ఎందుకండీ అలా చెప్పారు? నాకు దోస్తులెక్కడున్నారు? ఒక్కళ్లయినా వచ్చి అడిగారా?"

పొలాల పక్కన కారు ఆపాను. ఫోన్ సంగతి చెప్పాను. టీచరుతో ఏమన్నానో, ఆమె ఏమందో, మాట మార్చకుండా చెప్పాను.

"నన్ను అడగొద్దన్నారా?"

"అన్న."

"మరి ఆ చలికాలమంతా నేను అలా కూర్చుంటే చూస్తూ ఉన్నారా?"

"ఉన్న."

ఆమె తలుపు తీసుకొని దిగి, వరి మడి గట్టు మీద నాకు వీపు పెట్టి నిలబడింది. నేనూ దిగాను. దగ్గరికి వెళ్లే ధైర్యం లేక కారు పక్కనే నిలబడి చెప్పాను.

"వాళ్లు నిన్ను వద్దనుకోలే. నువ్వే వద్దనుకున్నవని నేను చెప్పిన. నీ మనుషులను నీకు కాకుండ చేసి, ఆ నింద గుడ నీ మీదనే ఉండనిచ్చిన. తప్పు నాదే. నన్ను మాఫ్ చెయ్యి."