పుర్రచేతి షేక్‌హ్యాండు

మే నెల ఎండకు వరంగల్ మొత్తం కరిగిపోతుంటే, నా కుడి భుజం ఒక్కటి గడ్డకట్టిందని డాక్టరు గారు తేల్చారు. ఫ్రోజెన్ షోల్డర్ అట. ఈ వేడిలో ఒంట్లో ఏదో ఒకటి చల్లబడినందుకు సంతోషించాలో విచారించాలో ఆయన చెప్పలేదు. నెల రోజులుగా నా వ్యవహారమంతా ఎడమచేతి మీదుగానే నడుస్తోంది. మొన్న మా పెద్దబాపును, అంటే మా నాయనకు అన్నను, చూడబోయినప్పుడు ఆయన అందించిన చాయ్ గ్లాసుకు కూడా ఆ చెయ్యే చాపాను. ఎనభై ఏడేళ్ల ఆ మనిషి గ్లాసు వదలకుండా నా చేతివంకే చూస్తూ ఉండిపోయేసరికి, నలభై ఏళ్ల కిందటి మా బడి మైదానం గుర్తుకొచ్చింది.

మా బడికి స్కౌట్ దళం డ్రాయింగు సారు పుణ్యమా అని వచ్చింది. ఆయనకు పిల్లలంటే ఇష్టం, ఈల అంటే ఇంకాస్త ఇష్టం. పన్నెండు మందికి కలిపి ఒకటే తాడు ఉండేది కనుక ముడులు వేయడం వంతులవారీగా సాగేది. చివరి ఇద్దరూ ఏడాదంతా విప్పడం మాత్రమే నేర్చుకున్నారు. స్కౌట్లు ఎడమచేత్తో కరచాలనం చేయాలి, గుండె అటే ఉంటుంది గదా అని సారు చెప్పగా, ఆ మాట నేను మా ఇంట్లోనూ, నా ముస్లిం దోస్తు వాళ్లింట్లోనూ విన్నవించుకున్నాం ఎవరికి వాళ్లం. ఆ చెయ్యి దేనికో మీ సారుకు తెలియదా అని మా నాయనమ్మా, వాళ్ల దాదీ అక్షరం పొల్లుపోకుండా ఒకే మాట అన్నారు. ఆ ఇద్దరు పెద్దవాళ్లు ఏకాభిప్రాయానికి రావడం మేం చూడటం అదే మొదలు.

తొలి క్యాంపు ఏటూరునాగారం అడవిలో అనుకున్నాం. అడవిని పుస్తకంలో తప్ప చూడని నేను నెల ముందే సంచి సర్దుకుని, రోజూ విప్పి మళ్లీ సర్దేవాణ్ని. పెద్దబాపుకు ఎనుమాముల మార్కెట్లో మిర్చి వ్యాపారం. లారీ ఇస్తానన్నాడు కనుక ముఖ్య అతిథి కూడా ఆయనే. తెల్లటి ధోవతి కట్టుకుని, తోటి వ్యాపారులను వెంటేసుకుని మా బడి మైదానానికి వచ్చాడు. వరసలో మొదటివాణ్ని నేను. కుడిచేత్తో సెల్యూట్ కొట్టి ఎడమచెయ్యి చాపాను. నా పక్కన ఇంకో పదకొండు ఎడమచేతులు లేచాయి.

"పెద్దమనిషికి పుర్రచెయ్యి ఇస్తవారా? మీ సారు నేర్పిన సదువు గిదేనా?"

పెద్దబాపు వెళ్లిపోయాడు. ఆయనతో లారీ కూడా. మాకు పూలదండ మిగిలింది.

మర్నాడు సారు నన్ను వెంటబెట్టుకుని ఎనుమాముల వెళ్లారు. మిర్చి సీజను, మమ్మల్ని మా తుమ్ములే ఎదుర్కొన్నాయి. పెద్దబాపు కుడిచెయ్యి మోచేతి దాకా బస్తాలో పెట్టి కాయలు విరిచి చూస్తున్నాడు. ఈసారి పొరపాటు జరగకూడదని సారు పట్టుదలగా కుడిచెయ్యే చాపి, ఆ మిర్చి చేతిని గట్టిగా పట్టుకుని, క్షమాపణ పూర్తయ్యేదాకా వదల్లేదు. తర్వాత అదే చేత్తో నుదుటి చెమటా, కళ్లూ తుడుచుకున్నారు.

ఇక ధారలు. ముక్కు ఎర్రబడింది, మాట పెగల్లేదు.

"సేటూ, పంతులు ఏడుస్తాండు!" అన్నాడొక హమాలీ, బస్తా దించి మరీ.

పెద్దబాపు కాసేపు చూసి, "ఊకో సారూ, ఊకో. ఎవలన్న జూస్తె బాగుండది. పోరగాండ్లను తోలుకపో, లారీ పంపుత" అన్నాడు.

సారు నిజం చెప్పబోయారు గాని నేను ఆయన కాలు తొక్కాను. స్కౌటు నమ్మదగినవాడై ఉండాలన్నది మా నియమాల్లో మొదటిదే. అయితే నేను దళంలో చేరి అప్పటికి ఎన్నో రోజులు కాలేదు.

ఏటూరునాగారంలో మూడు రోజులున్నాం. మేం పులిని చూడలేదు, కోతులు మాత్రం మా అటుకులను చూశాయి. అంత సంతోషంగా ఉన్న రోజులు మళ్లీ రాలేదు; మా ఆవిడ ఇలాంటివి చదవదన్న ధైర్యంతో రాస్తున్నాను.

సారు పోయి చాలా కాలమైంది. మా మైదానంలో ఇప్పుడు బడి బస్సులు నిలుపుతున్నారు. ఈ కాలం పిల్లలు మర్యాదస్తులే గాని, ఎవరూ ఎవరికీ ఏ చెయ్యీ ఇవ్వరు. ఉన్న రెండూ ఫోనుకే చాలడం లేదు. ఏ చెయ్యి చాపారని అలిగేంత పట్టింపు మనుషుల మధ్య ఉండటం కూడా ఒక భాగ్యమేనేమో.

ఇంకా దాచడం దేనికని, ఆనాడు సారు ఏడవలేదు, అది మిర్చి ఘాటు అని మొన్న పెద్దబాపుకు చెప్పేశాను. ఆయన చాయ్ గ్లాసు నా ఎడమచేతిలో పెట్టి అన్నాడు:

"మిర్చి బేరగాన్నిరా నేను. ఏడుపేదో ఘాటేదో ఎరుకలేకనే లారీ ఇచ్చిననుకున్నవా?"