ఎర్రబడ్డ పాచి

మా బోటనీ ల్యాబ్‌లో అటెండర్‌గా చేసిన తాత మొన్న తార్నాకలో, తన ఇంట్లో, నిద్రలోనే పోయారు. ఏ బాధా పడలేదని ఆయన కోడలు చెప్పాక, ఏడుస్తూనే కాస్త తేలికపడ్డాను. ఆయనకు చెప్పాల్సిన మాట బతికుండగానే చెప్పేశానన్నది నా రెండో ఊరట.

ఫ్లాస్కులు కడగడం ఆయన పని. ప్రతిదాన్నీ కిటికీ వెలుగుకెత్తి, "పారేయాల్నా?" అని రెండుసార్లు అడిగేవారు. మాకు విసుగు. "అడుగుతె ఏం పోతది బిడ్డా, కడిగినంక రమ్మంటె రాదు," అనేవారు.

నా రీసెర్చ్ పచ్చటి సూక్ష్మ శైవలం మీద. ఆయన మాటలో పాచి. మౌలాలి గుట్ట మీది రాతిగుంతల్లోంచి దాన్ని తెచ్చిపెట్టిందీ ఆయనే. ఉద్యమం రోజుల్లో యూనివర్సిటీ నెలల తరబడి మూతపడింది. తెరిచాక పరుగున వచ్చి చూస్తే, కిటికీలో ఎండిన ఆరు ఫ్లాస్కులూ ఇటుక రంగు! రెండేళ్ళ పని గంగపాలు. ఫెలోషిప్పు గడువు ముగియవస్తోంది. గైడు సార్ ఊళ్ళో లేరు. మైక్రోస్కోపులో చూడాలన్న ఇంగితమైనా లేకుండా, "అన్నీ కడిగెయ్ తాతా," అన్నాను.

రెండుసార్లు అడిగారు, మూడోసారీ అడిగారు. నాకసలే ముక్కు మీద కోపం. "చదువుకున్నది నువ్వా, నేనా?" అని అరిచాను. ఆయన ఫ్లాస్కులు తీసుకుని వెళ్ళారు.

మర్నాడు చూస్తే ఫ్లాస్కులు కడగకుండా నీడన ఉన్నాయి.

"నేను చెప్పిందేంది, నువ్వు చేసిందేంది?"

"కోపం చెయ్యకు బిడ్డా. ఎండాకాలం మా గుట్ట మీద గుంతలన్ని గిట్లనే ఎర్రగైతయ్. వాన పడంగనె పచ్చగైతయ్. చిన్నప్పటిసంది చూస్తున్న. జర కొత్త నీళ్ళు పొయ్యి."

నమ్మకం లేకుండానే పోశాను. రెండు రోజులకు సార్ తిరిగొచ్చి వివరించారు. తిండి కరువై ఎండ ముదిరితే ఆ కణం గోడ మందం చేసుకుంటుందట. క్యారట్ రంగుకు చుట్టమైన ఎర్రరంగును తయారుచేసి, లోపలి నూనె బొట్లలో దాచుకుంటుందట. ఎండ ధాటినీ, దానికి పుట్టే చెడ్డ ఆక్సిజన్‌నూ ఆ రంగే అడ్డుకుంటుందట.

నాలుగో రోజు ఒక చుక్క మైక్రోస్కోపు కింద పెట్టాను. ఎర్రటి గుండ్రాలు పగిలి, చిన్న చిన్న కణాలు ఈదుతూ బయటికొస్తున్నాయి. హమ్మయ్య! లేచి వెళ్ళి తాత తడి చేతులు పట్టుకుని, "తప్పయింది తాతా, నోరు జారిన," అన్నాను.

"అది గాదు గని, నాకు చూపియ్యి," అన్నారు.

ఇన్నేళ్ళలో ఎవరూ ఆయన్ని ఆ స్టూలు మీద కూర్చోబెట్టలేదు. కన్ను ఆనించి, ఊపిరి బిగబట్టి చూశారు.

"ఉరుకుతున్నయ్ బిడ్డా! సగం ఎర్రగ, సగం పచ్చగ!"

ఆ మధ్యాహ్నం ఆయన స్టూలు మీంచి ఎంతకీ లేవలేదు. సింకు నిండా ఫ్లాస్కులుంటే, కొంగు దోపుకుని నేనే కడిగాను.