ఫిజీలో నా పప్పుచారు

ఒళ్లు మండదా మరి? సిడ్నీలో మా పెండిల్ హిల్ పేటలో ఇన్నేళ్లుగా మనవాళ్ల పుట్టినరోజులకీ, వ్రతాలకీ వండిపెడుతున్నది నేను. ఇప్పుడు ఏ ఇంటికి క్యారియర్ పట్టుకెళ్లినా ఒకటే పాట: "ఆంటీ, ఫిజీలో ఆ హోటలావిడ చేసే పప్పుచారు తిన్నారా? అబ్బబ్బ!"

తినడమేమిటి, ఆవిడకి నేర్పిందే నేను!

మేం మొదటిసారి ఫిజీ వెళ్లినప్పుడు సముద్రం ఒడ్డున అద్దెకివ్వడానికి ఆవిడకున్నవి నాలుగంటే నాలుగు రేకుల గదులు. భోజనానికి చేప తప్ప ఇంకేం లేదు. మాకేమో శనివారం. చిర్రెత్తుకొచ్చి, సూట్‌కేసులో తెచ్చుకున్న కందిపప్పు, చింతపండు పట్టుకుని తిన్నగా ఆవిడ వంటింట్లోకి దూరాను. ఆవిడ ముత్తవ్వ చెరకు తోటల్లో కూలికి మనవైపు నుంచే వెళ్లిందట. ఆవిడకి మిగిలిన తెలుగు మాత్రం "అమ్మా", "నీళ్లు", అంతే. తక్కినదంతా హిందీ. పక్కన నిలబెట్టుకుని చారు పెట్టడం నేర్పించాను. ఆ తాలింపు వాసనకి ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంటే నేనెంత మురిసిపోయానో!

ఆ తర్వాత సిడ్నీ నుంచి ఫ్లైట్లు పెరిగాయి. స్కూల్ హాలిడేస్ వస్తే చాలు, ఇక్కడ ద పాండ్స్ పేటలో ఉన్న మనవాళ్లు సగం మంది అక్కడే. రోడ్లు పడ్డాయి, హోటళ్లు లేచాయి. ఆవిడ రేకుల గదులు మూడంతస్తుల మేడయ్యాయి. గుమ్మం మీద తెలుగులో "ఆంధ్రా భోజనం" అని బోర్డొకటి! పైగా నా చారులో కొబ్బరిపాలు పోస్తోంది. పప్పుచారులో కొబ్బరిపాలేమిటండీ, ఖర్మ కాకపోతే! కుళ్లంటారా? అవును, కుళ్లే.

అదైనా ఓర్చుకునేదాన్ని. యూనిలో హోటల్ మేనేజ్‌మెంట్ చదివే మా అమ్మాయి ట్రైనింగ్‌కని ఆవిడ దగ్గరికే వెళ్లింది. ఇంట్లో నా వంటింటి గడప తొక్కని పిల్ల, అక్కణ్ణుంచి ఫోన్ చేసి, "ఐ మేడ్ చారు టుడే, అమ్మా" అంది. ఇక నాకు అన్నం సయిస్తే ఒట్టు. టికెట్ కొనుక్కుని వెళ్లాను.

నేను వెళ్లేసరికి పిల్ల పొయ్యి ముందుంది. ఆవిడ దూరంగా స్టూల్ మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. "నా కూతురికి ఏం మందు పెట్టావు? నా దగ్గర నేర్చుకోనిది నీ దగ్గరెలా నేర్చుకుంది?" అని హిందీలో కడిగేశాను.

ఆవిడకి కోపం రాలేదు. "నేనేం నేర్పలేదు దీదీ. మూడుసార్లు మాడ్చింది. నేను ఈ స్టూల్ మీంచి లేవలేదు. నాలుగోసారి కుదిరింది" అంది.

ఈలోగా మూకుట్లో ఆవాలు చిటపటమన్నాయి. పిల్ల ఇంకా కరివేపాకు దులుపుతూనే ఉంది.

"మాడిపోతున్నాయే! ఇలా తే!" అని గరిటె లాక్కున్నాను.

పిల్ల పేచీ పెట్టలేదు. చేతులు తుడుచుకుని పక్కకి జరిగింది.

"సీ, ఆంటీ? ఐ టోల్డ్ యూ" అంది. ఆవిడతో. నా వైపు చూడను కూడా లేదు.