రొయ్యల తట్ట దగ్గర మా మేడమ్‌గారు

మా మేడమ్‌గారు పోయారని నాతో చదువుకున్న సుగుణ ఫోన్ చేసి చెప్పింది. "పొద్దున్నే కాఫీలో చక్కెర తక్కువైందని చెల్లెల్ని కేకలేశారట. ఆవిడ చక్కెర తెచ్చేలోపు కుర్చీలోనే వెళ్లిపోయారటే" అంది. ఇద్దరం ఏడ్చాం. ఆ వెంటనే నవ్వాం కూడా. ఆవిడ గురించి నవ్వకుండా మాట్లాడటం మాకెప్పుడూ చేతకాలేదు.

తొంభైల మొదట్లో విజయవాడలో మేం నర్సింగ్ చదివేటప్పుడు ఆవిడ మా ట్యూటర్. ఎదిగే పిల్లల ఆరోగ్యం ఆవిడ చెప్పే పాఠం. అంటే పది దాటిన పిల్లల ఒంట్లో, మనసులో వచ్చే మార్పులన్నీ. ఆ పాఠం మొదలుపెట్టిన రోజు క్లాసంతా కిసకిసలే. ఆవిడ కుర్చీ లాక్కుని తాపీగా కూర్చున్నారు. "కానివ్వండే, కడుపు నిండా నవ్వండి. నవ్వంతా ఇక్కడే అయిపోవాలి. రేపు ఆ పిల్లల ముందు మీ దగ్గర ఒక్క నవ్వు కూడా మిగలకూడదు" అన్నారు.

తర్వాత ఒక్కొక్కరినీ లేపి 'నెలసరి' అని గట్టిగా అనమన్నారు. నాకు ప్రాణం మీదికొచ్చింది. మా నాన్నకు వన్‌టౌన్‌లో తాళాల కొట్టు. మా ఇంట్లో ఆ సంగతికి అసలు పేరే లేదు, అమ్మీ కనుబొమ్మ ఎగరేస్తే మేం అర్థం చేసుకోవాలి. లేచి నిలబడ్డాను గానీ 'నె' దగ్గరే ఆగిపోయాను.

"ఉప్మా అనగలవా?" అన్నారు మేడమ్‌గారు.

"అనగలనండీ."

"ఏదీ, అను."

"ఉప్మా."

"అదే గొంతుతో ఇదీ అను."

అనేశాను. క్లాసంతా చప్పట్లు! ఇప్పటికీ ఉప్మా ముందు కూర్చుంటే నాకు నవ్వాగదు.

ఆ ఏడాదే మమ్మల్ని పల్లెటూరి డ్యూటీకి తీసుకెళ్లారు. చల్లపల్లి దాటి సముద్రం వైపు వెళ్తే చేపలు పట్టేవాళ్ల పల్లె అది. బడి నుంచి రాగానే అక్కడి ఆడపిల్లలు తట్టల ముందు కూర్చుని రొయ్యలు ఒలుస్తారు. మేం తెల్ల యూనిఫారాల్లో వెళ్లి చార్టు విప్పామో లేదో, ఒక్క పిల్ల ఉంటే ఒట్టు. మేడమ్‌గారు చార్టు చుట్టి నా చంకలో పెట్టి, కొంగు దోపుకుని, ఒక తట్ట ముందు చతికిలబడ్డారు. టకటకా రొయ్యల తలలు గిల్లుతూ, "చూస్తారేంటే, కూర్చోండి! చేతులకు పనుంటే సిగ్గు దానంతటదే పోతుంది. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. పిల్ల అడిగేటప్పుడు తలెత్తి చూడకండి. మీరు తలెత్తితే దాని మాట లోపలికి పోతుంది" అన్నారు. కాసేపటికి పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చేరారు.

వాళ్లలో నాంచారి అని పద్నాలుగేళ్ల పిల్ల ఉంది. తోటివాళ్లంతా పెద్దమనుషులైనా తను ఇంకా కాలేదు. గాలి సోకిందని, అమావాస్యకు భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోతానని వాళ్ల అమ్మమ్మ పట్టుబట్టింది. ఆయన వేపమండలతో కొడతాడట. పిల్ల హడలిపోతోందని పక్కింటామె మా చెవిన వేసింది.

నాంచారి నా పక్కనే కూర్చుంది. చాలాసేపు నసిగి నసిగి, "అక్కా, ఒకటి అడగనా?" అంది.

పాఠమంతా నోటికొచ్చినదాన్ని, ఆగుతానా? ఒక్కసారి తలెత్తి దాని మొహంలోకి చూసి "అడగమ్మా!" అన్నాను.

పిల్ల బిగుసుకుపోయింది. "ఏం లేదక్కా... టయమెంతయింది?"

మేడమ్‌గారు తట్టతో సహా జరిగి దాని పక్కకు వచ్చారు. చూపు రొయ్యల మీదే ఉంచి, మాటల్లో మాటగా, "మా అక్క పన్నెండేళ్లకే పెద్దమనిషైంది. నాకు పదిహేను రాబోతుంటే గానీ కాలేదు. మా ఇంట్లోనూ ఒకటే గోల" అన్నారు.

నాంచారి ఇంకో రెండు రొయ్యలు ఒలిచింది. తర్వాత మెల్లగా, "అయితే నాలో లోపమేం లేదాండీ?" అంది.

మేడమ్‌గారు గొంతు తగ్గించి దాన్ని నాలుగు ప్రశ్నలడిగారు. "ఏపుగా పెరుగుతున్నావు. మిగతా మార్పులూ వస్తున్నాయి. ఒకే చెట్టు కాయలు కూడా ఒకేరోజు పండవు కదే! పదిహేను నిండేదాకా చూద్దాం. అప్పటికీ కాకపోతే డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్తా" అన్నారు.

అమ్మమ్మ ఊరుకుంటుందా! "అయిద్దని రాసిస్తావా?" అని మీదికొచ్చింది.

"రాసివ్వను. డాక్టరు దగ్గరికి మాత్రం నీతోపాటు వస్తా" అంటూ మేడమ్‌గారు ఆవిడ తట్ట కూడా ముందుకు లాక్కున్నారు. అది సగమయ్యేసరికి ముసలమ్మ మెత్తబడింది. "సరేలేమ్మా, నీ మాట మీద ఆపుతన్నా. తేడా వచ్చిందా, మీ బడికొచ్చి కూర్చుంటా!"

తిరిగి వస్తుంటే మా దగ్గర నీచువాసనకు బస్సులో జనమంతా ముందుకు పోయారు. మేడమ్‌గారు హాయిగా కాళ్లు చాపుకుని, "నర్సులంటే ఎంత మర్యాదో చూశారా!" అన్నారు.

కొన్ని నెలలకు అమ్మమ్మ అన్నంత పనీ చేసింది. మా గేటు దగ్గరికొచ్చి కూర్చుంది. తేడా వచ్చిందనుకుని లోపలికి పరుగెత్తి చెప్పాం. మేడమ్‌గారు బయటికి రాగానే ముసలమ్మ గిన్నె మూత తీసింది. నిండా చిమ్మిలి ఉండలు! పిల్ల పెద్దమనిషైతే నువ్వులూ బెల్లం దంచి చేసే ఉండలు అవి. మా వరండా అంతా కేరింతలే. మేడమ్‌గారు ఉండ చేతిలోకి తీసుకుని, నోట్లో పెట్టుకోకుండానే, "పిల్లను బడి మాన్పించలేదు కదా?" అన్నారు.

"పంపిస్తన్నాలే తల్లా, ముందు నోరు తీపి చేసుకో!"

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎందరు పిల్లలు నాతో మనసు విప్పారో! ఆ పుణ్యమంతా ఆవిడదే.

గన్నవరంలో వాళ్లింట్లో మేడమ్‌గారి జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. సుగుణ, నేను పొద్దున్నే వెళ్లాం. కబురందుకుని నాంచారి కూడా ఆటోలో వచ్చి దిగింది. ఇప్పుడు చేపల వ్యాపారం చేస్తోంది. భోజనాలకు రొయ్యలు తనే తెచ్చింది, వెంట ఏడో తరగతి చదివే కూతుర్ని కూడా. పెరట్లో తట్టల చుట్టూ కూర్చున్నాం. మేడమ్‌గారి ఉప్మా సంగతి నేను చెప్తే, బస్సు సంగతి సుగుణ ఎత్తుకుంది. అందరం పగలబడి నవ్వుతున్నాం.

నాంచారి కూతురు నా పక్కనే ఉంది. నవ్వులు సద్దుమణిగాక, ఒక రొయ్యనే పట్టుకుని తిప్పుతూ, నాకు మాత్రమే వినబడేలా అంది.

"పెద్దమ్మా, ఒకటి అడగనా?"

నేను తలెత్తలేదు. తట్టలోంచి ఇంకో రొయ్య తీసుకుని, "ఊఁ" అన్నాను.