కవర్ అనే మాటకు రెండు చీటీలు

ఆ నిఘంటువు ఆఫీసులో ఆమెను అందరూ చీటీలక్క అంటారు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా చేస్తున్న పని చీటీలు రాయడమే మరి. ఒక ఇంగ్లీషు మాట, దాని అర్థాలు, అది పుట్టిన చోటు, అన్నీ అరచేయంత అట్టముక్క మీద నీలి సిరాతో రాయాలి. ప్రధాన సంపాదకుడు, అంటే అందరూ పెద్దాయన అని పిలిచే మనిషి, దాన్ని దిద్ది కింద ఎర్ర సిరాతో సంతకం పెట్టాలి. ఎర్ర సంతకం లేని చీటీని కింద అంతస్తులోని అచ్చు విభాగం వాళ్లు ముట్టుకోరు. ఒకసారి సంతకం పడిందా, ఇక దాన్ని బ్రహ్మదేవుడు కూడా మార్చలేడు.

ఆమెకు పని నేర్పింది పెద్దాయనే. చంకలో పసిపిల్లతో వచ్చి ఉద్యోగం అడిగితే, "పిల్లని ఆ సొరుగుల పక్కన పడుకోబెట్టి ఇలా వచ్చి కూర్చో అమ్మాయ్" అన్నారు. ఆ పిల్లకే ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ఆయన మాత్రం ఈమెను ఇంకా అమ్మాయ్ అనే పిలుస్తారు.

అలాంటి మనిషికి పద్నాలుగు నెలలుగా మతి నిలవడం లేదు. పొద్దున దిద్దిన చీటీనే మధ్యాహ్నం మళ్లీ అడుగుతారు. ఒప్పును కొట్టేసి తప్పు రాస్తారు. చీటీలక్క మొదట్లో నవ్వుకుంది, తర్వాత భయపడింది, ఆ తర్వాత ఒక పని చేసింది. ఆయన పాడుచేసిన చీటీని తన సొరుగులో పడేసి, మంచిది మళ్లీ రాసి, ఎర్ర సంతకం కూడా తనే పెట్టేసింది. ముప్ఫై ఏళ్లు చూసిన సంతకానికి చేయి తిరగడం ఎంతసేపు? ఒక్కసారితో పోతుందిలే అనుకుంది. పోతుందా? వారానికి ఒకటి, తర్వాత రోజుకొకటి అయింది.

ఆయన సంగతి బయటపడితే మర్నాడే ఇంటికి పంపించేస్తారు. ఆ కుర్చీ తప్ప ఆయనకు వేరే లోకం లేదు. తను చేస్తున్నది బయటపడితే దొంగ సంతకం కింద ముందు తననే పంపిస్తారు. వడ్రంగి పని చేసే మొగుడు మాత్రం ఒకటే పోరు పెట్టేవాడు.

"ఎవరికో ఒకరికి చెప్పేసెయ్యవే, పీడా పోతుంది."

"చెబితే ఆయన్ని ఉంచుతారా?"

"చెప్పకపోతే నిన్ను ఉంచుతారా?"

ఆమె గిన్నెలు ధడాలున పడేసేది.

అలాంటి రోజుల్లో వచ్చిపడింది కవర్ అనే మాట. చూడబోతే అందరికీ తెలిసిందే. ఉత్తరం పెట్టేదీ కవరే, కూరగాయలు తెచ్చుకునేదీ కవరే, దిండుకు తొడిగేదీ కవరే. పైపూత పూసి బంగారమని నమ్మించేది కవరింగు గొలుసు. నలుగురిలో నోరు జారినవాణ్ణి పక్కవాడు కాపాడితే కవర్ చేశాడంటాం. అర్థాలు రాస్తూ పోతే చీటీకి చీటీ అతికించాల్సి వచ్చింది. మూలం దగ్గరికి వెళితే, పూర్తిగా కప్పేయడం అనే లాటిన్ క్రియ పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి దిగింది. దాని చుట్టాలు భలే తమాషా మనుషులు. తలకు కట్టుకునే గుడ్డగా మొదలై జేబులోకి చేరిన కర్చీఫు, రాత్రి గంట కొట్టగానే పొయ్యిలో నిప్పు కప్పేయమన్న ఆజ్ఞగా పుట్టిన కర్ఫ్యూ, మూత తీసి చూడటంగా మొదలైన డిస్కవరీ, అన్నీ ఒకే ఇంటివి. రికవరీ మాత్రం ఆ ఇంటిది కాదు. చూడటానికి అన్నదమ్ముల్లా ఉన్నా, పోయింది తిరిగి దక్కించుకోవడం అనే వేరే లాటిన్ మాట నుంచి వచ్చింది. ఉద్యోగంలో చేరిన తొలి నెలలో ఆమె ఆ తప్పు చేస్తే, చీటీ చించి మరీ చెప్పింది పెద్దాయనే.

ఆ పెద్దాయనే ఇప్పుడు ఎర్ర సిరాతో రికవరీని తెచ్చి కవర్ కుటుంబంలో కలిపేశారు. చీటీలక్కకు ఒళ్లు మండింది.

"ఇది వేరే కదండీ. మీరే చెప్పారు."

"నేనా? ఎప్పుడు? రాసింది ఉంచు. నాకు నేర్పకు."

నాలుగు రోజులు నాలుగు చీటీలు రాసింది. నాలుగింట్లోనూ ఆయన రికవరీని చేర్చి సంతకం పెట్టారు. నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు. తల ప్రాణం తోకకొచ్చింది ఆమెకు. అయిదో రోజు పళ్లు నూరుకుంటూ మంచి చీటీ రాసి, సంతకం గీకి, అచ్చుకు పంపేసింది. ఆయనవన్నీ సొరుగులో కుక్కింది. ఆ విసుగులో తాళం వేయడం మరిచిపోయింది. మర్నాడు ఏదో వెతుకుతూ సొరుగు లాగిన పెద్దాయనకు తన చీటీ కనబడింది. ఇంకా పంపలేదేమిటని తిట్టుకుంటూ తనే మెట్లు దిగి ఇచ్చి వచ్చారు.

ఆ మరుసటి రోజు ఆఫీసు మేనేజరు, అచ్చువాళ్లు ఇచ్చిన రెండు చీటీలూ పట్టుకుని పైకి వచ్చాడు. మర్యాదస్తుడే కానీ కాగితం దగ్గర మహా కచ్చితం.

"ఏంటక్కా ఇది, ఒక మాటకి రెండు చీటీలు? ఒకదాంట్లో రికవరీ ఉంది, ఇంకోదాంట్లో లేదు."

"పొరపాటు నాదే బాబూ. రికవరీ ఉన్నది చింపేయండి."

"చింపితే సరిపోదు. పాత చీటీలతో పోల్చి చూశాను. ఈ రికవరీ చీటీ మీద సంతకం పెద్దాయనది కాదు. చూడండి, ఎలా వణికిందో. ఎవరో దొంగ సంతకం పెట్టారు."

ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అసలుది దొంగదైంది, దొంగది అసలైంది. నోరు మూసుకుంటే ఇద్దరూ గట్టెక్కుతారు. మూసుకుంది.

ఇంతలో కిటికీ పక్క కుర్చీలోంచి పెద్దాయన లేచి వచ్చారు. కళ్లజోడు సర్దుకుని రెండు చీటీలూ చూశారు.

"వణికింది నాదేనయ్యా. నిన్న నేనే కిందికి తీసుకెళ్లి ఇచ్చాను. ఈ రెండోది ఎవరిది?"

మేనేజరు చీటీలక్క వైపు చూశాడు. అదీ మీరే పెట్టారు, మరిచిపోయారు అంటే చాలు. పాపం, ఆయన నమ్ముతారు కూడా. ఆ మాట ఆమె నాలుక చివరి దాకా వచ్చింది. అంత పాపానికి మనసొప్పలేదు.

"నాదండీ."

"ఇదొక్కటేనా?"

"కాదు. పద్నాలుగు నెలల నుంచీ పెడుతున్నాను. మీరు మరిచిపోతున్నారు. తప్పులు రాస్తున్నారు. చెబితే వినరు. మిమ్మల్ని పంపించేస్తారని ఎవరికీ తెలియనివ్వలేదు. నా వల్ల కావడం లేదండీ ఇంక."

ఆమె గొంతులో జాలికన్నా కోపమే ఎక్కువగా ఉంది. మేనేజరు ఏదో అనబోతే పెద్దాయన చెయ్యెత్తి ఆపారు. రికవరీ అన్న మాట మీద వేలు పెట్టి చాలాసేపు చూశారు. అది తప్పని ఇప్పుడు ఆయనకు తెలిసింది.

"ఇతని దగ్గర దాచావు, సరే. అచ్చువాళ్ల దగ్గర దాచావు, సరే" అన్నారు మెల్లగా. "నా దగ్గర ఎందుకు దాచావమ్మాయ్? పద్నాలుగు నెలలు నేను బాగానే ఉన్నాననుకున్నాను. అప్పుడే చెప్పుంటే ఏ డాక్టరు దగ్గరికో పోయేవాణ్ణి కదా."

ఇన్ని నెలల్లో ఒక్కరోజు కూడా, ఆ సంగతి ఆయనకే చెప్పాలని ఆమెకు తట్టలేదు.