కడగని గిన్నె

నా చిన్నప్పుడు జున్ను అనే మాటకు ఒకటే అర్థం ఉండేది. ఎనుము, అంటే గేదె, ఈనిన కొత్తలో పితికిన ముర్రుపాలలో బెల్లం, మిరియాలు వేసి ఆవిరి మీద ఉడికిస్తే గట్టిపడేదే జున్ను. ఇప్పుడు ఆ మాట ఎక్కడెక్కడో తిరిగి వస్తోంది. మొన్న ఆదివారం పొద్దున ఆదోనిలో మా కూతురి ఇంట్లో కూర్చుని ఉన్నాను. వంటింట్లో మనవరాలి ఫోను తెలుగులో మాట్లాడుతోంది. పెనం మీద తురిమిన జున్ను చల్లండి, అది కరిగాక దాని మీద గుడ్డు కొట్టండి అని చెబుతోంది. ఎవరో ఇంగ్లీషులో చెప్పిన వంటను ఫోను తనంతట తాను తెలుగు చేసి చెబుతుందట. చీజును తీసుకొచ్చి జున్ను చేసింది. మనిషైతే నాలుగు తిట్టేదాన్ని. ఫోనును తిట్టి ఏం లాభం?

మనవరాలు ఇంటర్మీడియెట్ చదువుతోంది. వంటింట్లోకి రమ్మంటే తలనొప్పి అంటుంది గానీ, ఫోను చెబితే మాత్రం తెల్లారకముందే లేస్తుంది. మొదటిసారి మంట పెద్దది పెట్టి చీజంతా పెనానికి అంటించుకుంది. గరిటెతో గీకి, పెనం తుడిచి, మంట తగ్గించి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి తురుము నెమ్మదిగా కరిగి, బుడగలు లేచి, నెయ్యిలాంటి జిడ్డు పైకి తేలింది. అంచులు ఎర్రబడ్డాయి. అప్పుడు గుడ్డు కొట్టి, ఉప్పూ ఎర్రకారమూ చల్లి మూత పెట్టింది. నేను గడప దగ్గర నిలబడి చూస్తున్నాను. అంచుల దగ్గర ఇంకాస్త మాడింది కాబోలు, పాలూ గుడ్డూ కలిసి మాడిన వాసన వచ్చింది. ఆ వాసన పీల్చి ఒక జీవితకాలం అయింది. నేను గడప మీదే కూర్చుండిపోయాను.

మాది ఆస్పరి వైపు పల్లె. వానలు పడితే జొన్న, పడకపోతే వలస. ఆ రోజుల్లో మా నాయన సుగ్గికి పోయేవాడు, అంటే మా దగ్గర పని లేని కాలంలో దూరపు ఊళ్లకు కోతలకూ పత్తి ఏరుళ్లకూ పోవడం. అమ్మ ఊళ్లోనే ఉండి, మేము పెద్దిల్లు అనే ఒక మోతుబరి ఇంట్లో కొట్టం పని చేసేది. పేడ ఎత్తడం, చొప్ప వేయడం, ఎనుములను కడగడం. పాలు మాత్రం పెద్దింటమ్మే పితికేది. మా పేట వాళ్లు పాలచెంబు ముట్టుకోకూడదు. పేడతట్ట ముట్టుకోవచ్చు.

ఆ ఏడు పెద్దింట్లో ఒక ఎనుము చూడితో ఉంది. దానికి పచ్చిగడ్డి కోసుకొచ్చేది అమ్మా నేనూ. చేల గట్ల మీద వెతికి వెతికి, కొంగులో మూటగట్టి తెచ్చేవాళ్లం. అది నా అడుగుల చప్పుడు విని తల తిప్పేది. పెద్దింటమ్మ ఒకరోజు అది చూసి, దూరం నుంచే, "నువ్వు మేపిన ఎనుమే కదమే, ఈనితే నీకూ జున్ను పెడతాలే" అంది. ఆ మాట ఆమె అక్కడే మరిచిపోయి ఉంటుంది. నేను మాత్రం దాన్ని పట్టుకుని పడుకున్నాను, పట్టుకుని లేచాను. జున్ను ఎట్లా ఉంటుందని అమ్మను రోజూ అడిగేదాన్ని. అమ్మ కూడా ఎప్పుడూ తినలేదని నాకు అప్పుడు తెలియదు.

ఎనుము ఈనింది. పెద్దింటమ్మ ముర్రుపాలు పితికి, తమ వీధిలోని ఇళ్లకు చెంబుల్లో పంచింది. ఇస్తూ ప్రతి ఒక్కరికీ ఒక మాట చెప్పింది, చెంబు కడగకుండా తిరిగి ఇవ్వాలని. జున్నుపాలు పోసిన చెంబైనా గిన్నైనా కడిగితే ఎనుముకు పాలు ఎండిపోతాయని మా వైపు నమ్మకం. నేను మా సత్తు గిన్నె పట్టుకుని కొట్టం పక్కన నిలబడి ఆ మాట పదే పదే విన్నాను. నా వంతు వస్తుందని చూశాను. చెంబులన్నీ వెళ్లిపోయాక ఆమె నన్ను చూసి, పాలు అయిపోయినాయి, పొమ్మంది. మర్నాడూ నిలబడ్డాను. ఆ రోజు నా వైపు చూడను కూడా లేదు. జున్నుపాలు ఎంతకాలం వస్తాయి? ఆ తర్వాత వచ్చేవి మామూలు పాలే.

ఇంటికి వచ్చి ఏడ్చి ఏడ్చి పడుకున్నాను. దీపాలు పెట్టే వేళకు అమ్మ లేపింది. ఎదురుగా మా సత్తు గిన్నె, అందులో పసుప్పచ్చగా, కదిలిస్తే వణికే పదార్థం. మిరియాల ఘాటు. "పెద్దింటమ్మ పంపిచ్చింది, తినుమే" అంది అమ్మ. నేను ఆగలేదు. బెల్లం తీపి, అడుగున కొంచెం మాడు. ఆవిరి పెట్టిన కుండలో నీళ్లు ఇగిరిపోయి గిన్నె అడుగంటింది. నాకు ఆ మాడే ఎక్కువ నచ్చింది. గోళ్లతో గీకి గీకి తిన్నాను. నువ్వు తినమ్మా అంటే తాను పెద్దింట్లోనే తిన్నానంది.

గుడ్లతో అమ్మే చేసిందది, నాకు అప్పుడు తెలియదు. కోడిని పొదగేయడానికి తవుడు గంపలో దాచిన గుడ్లలోంచి కొన్ని తీసింది. పక్కింటి పెద్దమ్మ దగ్గర కాసిని మేకపాలు అడిగి తెచ్చింది. రెండూ బెల్లంతో గిలక్కొట్టి ఆవిరి మీద పెట్టింది. ఎవరి దగ్గర నేర్చుకుందో తెలియదు. తాను తినని పదార్థాన్ని, జనం చెప్పుకునే మాటలను బట్టి, బిడ్డ కోసం అల్లేసింది. పైగా ఆ మంచి పేరు తనకు ఉంచుకోకుండా, ఇవ్వని మనిషికి ఇచ్చింది. బిడ్డకు మాట ఇచ్చి ఎగ్గొట్టే పెద్దవాళ్లుంటారని నాకు తెలియకూడదనుకుందేమో.

గిన్నెను కడగడానికి అమ్మ బయట పెట్టింది. నేను దాన్ని తీసి జొన్నచొప్ప చాటున దాచాను. కడిగితే ఎనుముకు పాలు ఎండిపోతాయి కదా. నేను మేపిన ఎనుము, నన్ను చూసి తల తిప్పే ఎనుము. పొద్దున అమ్మ పనికి పోయాక, అడుగున మాడు అంటుకున్న ఆ గిన్నెను రెండు చేతులతో పట్టుకుని పెద్దింటికి పోయాను. పెరట్లో పెద్దింటమ్మ, పాలకు వచ్చిన వీధి ఆడవాళ్లు ఉన్నారు. నేను గిన్నె చాపి, "కడగలేదమ్మా. మీ జున్ను చానా బాగుండె" అన్నాను.

"యా జున్నే?"

"నువ్వు పంపిచ్చింది. మా యమ్మ తెచ్చె."

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దింటమ్మ అమ్మను కొట్టంలోంచి పిలిచింది. అమ్మ పేడచేతులతోనే వచ్చి, నా చేతిలో గిన్నె చూసి ఆగిపోయింది.

"నేను లేని పూట పొదుగు కింద కూసుంటాండావా? సెప్పు. ఎన్నాళ్లనించి పిండుకుంటాండావు?"

"లేదమ్మా. పాప ఏడుస్తాంటే గుడ్లతో చేసినాను. నీ పేరు సెప్పినాను, అంతే."

"గుడ్లతో జున్నా? ఎవురికి సెప్తాండావే?"

దొంగ అని తేలితే ఆ ఊళ్లో ఇంకే కొట్టంలోనూ, ఏ చేనిలోనూ అమ్మను రానివ్వరు. మా నాయన ఎక్కడో దూరాన ఉన్నాడు. ఇంట్లో నిండాల్సినవి రెండు కడుపులు. నిజం తేల్చడం కష్టమేమీ కాదు. గిన్నె అందుకుని అడుగున ఉన్న మాడును వాసన చూస్తే గుడ్డో పాలో తెలిసిపోయేది. వేలితో గీకి నాలుక మీద పెట్టుకుంటే ఇంకా బాగా తెలిసేది. కానీ మా ఇంటి గిన్నెను ముట్టుకునేవాళ్లు ఆ పెరట్లో ఒక్కరూ లేరు. మా మీద దొంగతనం వేయవచ్చు గానీ, దొంగతనం కాదని తెలుసుకోవడానికి మా గిన్నె ముట్టుకుంటే మైల. అమ్మ మాత్రం ఎవరైనా చూడండమ్మా, చూడండమ్మా అంటూ ఒక్కొక్కరి వైపు తిరుగుతోంది. ఆమె తిరిగిన వైపల్లా వాళ్లు ఒకడుగు వెనక్కి వేశారు.

చివరికి పెద్దింటమ్మకే ఒక ఉపాయం తోచింది. లోపల ముందురోజు జున్ను మిగిలి ఉంది. ఒక ముక్క తెప్పించి, దొడ్లోంచి ఆముదం ఆకు కోయించి, నా చేతిలో ఆకు పెట్టించి, పైనుంచి ఆ ముక్కను వదిలింది. నేను ఎన్నాళ్ల నుంచో ఎదురుచూసిన జున్ను అట్లా నా చేతిలో పడింది. "తినుమే. నువ్వు మీ ఇంట్లో తిన్నది ఇదేనా, సెప్పు" అంది.

అమ్మ నా వైపు చూసింది. అవునంటే మంచిదో, కాదంటే మంచిదో నాకు తెలియదు. అమ్మ కళ్లతో ఏదైనా చెబుతుందేమోనని చూశాను. ఏమీ చెప్పలేదు. తిన్నాను. వెన్నలా ఉంది. కమ్మగా, చల్లగా, నమలాల్సిన పని లేకుండా గొంతులోకి దిగిపోయింది. అంత మంచి రుచి అంతకుముందు నా నోటికి ఎన్నడూ తగలలేదు. అందుకే ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"ఇది కాదు. ఇదే బాగుంది. మాదానికి మాడు వాసన ఉండె, గుడ్డు వాసన ఉండె."

పెద్దింటమ్మ నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. గుడ్లు గిలక్కొట్టి జున్ను అని పిల్లను నమ్మించిందంట చూడండి అని ఒకామె పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కనబడుతుంది. బతికిపోయామన్న నవ్వు అది. అమ్మ చేతి తిండి తక్కువదని నా నోటితో నేను చెబితే తప్ప అమ్మ దొంగ కాకుండా పోలేదు.

తప్పుగా అన్నానని గానీ, నీకిస్తానని ఇవ్వలేదు కదా అని గానీ ఆ ఇల్లాలు ఒక్క మాట అనలేదు. "జున్ను కానప్పుడు గిన్నె కడక్కుండా ఏంటికి? ఎనుము ఉండే తావులో గుడ్ల గిన్నె. ఆడనే కడిగి పో" అంది. అమ్మ కొట్టం తొట్టి దగ్గర కూర్చుని, బూడిద తీసుకుని, గిన్నె అడుగున మాడంతా పోయేదాకా తోమింది. నేను గోళ్లతో ఎంత గీకినా రానిది బూడిదకు వచ్చేసింది. కడిగిన గిన్నె నాకిచ్చి, ఇంటికి పొమ్మని, తాను మళ్లీ పేడతట్ట ఎత్తుకుంది. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. గిన్నె ఎందుకు తెచ్చావని కూడా అడగలేదు.

మర్నాడూ పనికి పోయింది. ఆ మర్నాడూ పోయింది. నాకు కొంచెం బుద్ధి వచ్చాక ఒకసారి అడిగాను, ఆ ఇంటికి మళ్లీ ఎట్లా పోయావని. "పోకుంటే, నిజ్జంగానే దొంగిలించి మొగం చాటేసినాదంటారు కదమే" అంది. అమ్మకు అలిగే వీలు కూడా లేకపోయింది. ఆ ఏడు మా కోడి మిగిలిన కొన్ని గుడ్లనే పొదిగింది. మా నాయన సుగ్గి నుంచి వచ్చి గుడ్లేమైనాయని అడిగితే పిల్లి తాగిందని చెప్పింది. మా ఇంట్లో జున్ను అనే మాట మళ్లీ వినబడలేదు.

తర్వాత మేము ఆదోనికి వచ్చేశాం. అమ్మ పత్తి మిల్లులో చేరింది, నేను పెద్దదాన్నయ్యాను, పెళ్లయింది, అన్నీ అయ్యాయి. ఎవరైనా జున్ను తెచ్చిపెడితే నాకు పడదని చెబుతాను. పడకేం, ఆ రుచి బాగుండడమే నాకు కోపం. ఆ పూట అది చేదుగా ఉండి ఉంటే ఎంత బాగుండేది అనుకుంటాను. జున్ను వరకు ఎందుకు, ఏ విందుకు పోయినా ముందు వంట ఎవరు చేశారని అడిగే అలవాటు నాకు ఆనాటి నుంచి వచ్చింది. పెళ్లిళ్లలో కొందరు నా మీద విసుక్కుంటారు, ఈమెకు ఎందుకీ ఆరాలని. పెట్టినవాళ్లను మెచ్చుకోవడం నాకు చేతకాదు. పొయ్యి దగ్గరికి పోయి, చెమట తుడుచుకుంటున్న మనిషిని వెతికి, ఆమెతోనే చెబుతాను.

మొన్న మా పిల్ల పెనం వంచగానే గుడ్డు పళ్లెంలోకి జారింది. కింద చీజు కరకరలాడుతూ ఎర్రటి జాలీలాగా ఉంది. ఒక అంచు మాడింది. ఆ అంచు తాను తింటానని పక్కకు విరవబోతే, అది నాకు పెట్టమన్నాను. ఉప్పన, కారం, నాలుక మీద ఆ మాడు.

"ఎట్లుందవ్వా?"

"బాగుంది."

"ఫోన్లో ఆమె సెప్పినట్లే చేసినా. ఆమె వంటలన్నీ ఇట్లే ఉంటాయి, చానా బాగుంటాయి."

"ఫోన్లో ఆమె మనింటికి వచ్చి చేసిందా?" అన్నాను. గొంతు పెద్దదయింది. పిల్ల బిత్తరపోయింది. దగ్గరికి పిలిచి చేయి చూశాను. వేడి జిడ్డు చిట్లి మణికట్టు దగ్గర ఎర్రగా కమిలింది. "నువ్వు చేసినావు. నీది బాగుంది" అని మళ్లీ చెప్పాను. ముసలిదానికి ఏమైందో అన్నట్టు చూసి, నవ్వి, ఇంకో గుడ్డు కొట్టడానికి పోయింది.

నేను ఆ పళ్లెం ముందు కూర్చుని ఉన్నాను. మా అమ్మ చేసిన జున్ను చాలా బాగుందని నేను ఒకే ఒక్కసారి చెప్పాను. ఆ మాట పెద్దింటమ్మకు చెప్పాను. మా అమ్మకు చెప్పలేదు.